పాత డీజిలు కారునకు టర్బో బలము హెచ్చింపవచ్చునా?



ఒకప్పుడు ఎద్దులబండి నిలిచిన వాకిట నేడు మన పల్లెలలో పాత డీజిలు కారు నిలిచియున్నది. పట్టణవాసులు పది పండ్రెండేండ్లు వాడి విడిచిన కారును మనవారు తక్కువ వెలకు గొని, విత్తనములకును మందులకును, ఆసుపత్రికిని, పెండ్లిండ్లకును, తీర్థములకును దానినే వాడుకొనుచున్నారు. కారునకు వయసు మీరిన కొలది లాగుడు తగ్గుచుండును. అప్పుడు యజమాని మేస్త్రీకడకు బోవును. “టర్బో కొంచెము పెంచిన చాలును, పది నిముషముల పని, కొత్తబండివలె పరుగెత్తును” అని మేస్త్రీ చెప్పును. ఇంటివద్దనే స్పానరు చేతబట్టి యీ పని చేసికొనువారును గలరు. ఈ పని యెట్టిది, దీనివలన మేలెంత, కీడెంత, దీనికంటె ముందు చేయవలసినదేమి యను విషయములను మా యనుభవముతో గూడ సభ్యుల యెదుట నుంచుచున్నాము.

టర్బో చేయు పని

ఇంజనులో డీజిలు మండవలెనన్న గాలి వలయును. టర్బో లేని యింజను, పిస్టను క్రిందికి దిగునపుడు తానై పీల్చుకొన్న గాలితోనే సరిపెట్టుకొనవలెను. టర్బో గల యింజనుకు వెలుపల నొక చిన్న యిరుసు, దాని రెండు కొనలయందు రెండు చక్రములు నుండును. ఇంజనునుండి వెడలు వేడిపొగ యొక చక్రమును త్రిప్పును; దానితోడనే తిరుగు రెండవ చక్రము బయటిగాలిని ఇంజనులోనికి నెట్టును. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో, ఇంజనుకు టర్బో యట్టిది. వృథాగా బోవు పొగచేతనే పని చేయించుకొను నీ యుపాయమునకు స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ యను ఇంజనీరు 1905 లో పేటెంటు పొందెను. చిన్న యింజనుచేత పెద్దబరువు లాగించుట దీనివలననే సాధ్యమైనది. 2007 లో మన దేశమున విక్రయమునకు వచ్చిన మారుతి స్విఫ్టు డీజిలు కారులోని యింజను 1,248 సీ.సీ. గలదే యైనను 75 అశ్వబలము నొసగుచుండెను. అట్టి కార్లు నేడు వయసు మీరి మన పల్లెలకు జేరుచున్నవి.

ఈ చక్రములు చిన్నకార్లలో నిముషమునకు లక్షకు పైగా, ఒక్కొక్కప్పుడు రెండు లక్షలదాక చుట్లు తిరుగును. ఇరుసునకును బేరింగునకును నడుమ నున్న పలుచని యాయిలుపొరయే దానికి ప్రాణము.

గాలి మితిమీరకుండుటకు వేస్టుగేటు అను చిన్నతలుపు గలదు. టర్బో నెట్టు గాలి యొత్తిడి నిర్ణయించిన హద్దును జేరగానే, ఆ యొత్తిడి సన్నని రబ్బరుగొట్టముగుండ వచ్చి యొక డబ్బీలోని స్ప్రింగును నెట్టును. స్ప్రింగుతో గూడ కడ్డీ కదలి తలుపు తెఱచును. అప్పుడు పొగలో కొంత చక్రమును దాకక ప్రక్కదారిని బోవును. చెఱువునకు అలుగు ఎట్టిదో, టర్బోకు వేస్టుగేటు అట్టిది. ఇంటివద్ద టర్బో పెంచువారు కడ్డీకున్న నట్టును బిగించి దానిని పొట్టిచేయుదురు. లేదా సన్నగొట్టము నడుమ నొక చిన్న కుళాయి పెట్టి, డబ్బీకి జేరవలసిన గాలిని కొంత బయటికి వదలుదురు. రెండును ఒకటియే పని. అది అలుగు ఎత్తు పెంచుట. అలుగు పెంచిన చెఱువున నీరు హెచ్చుగ నిలుచుట నిజమే. కాని యా నీటికి పాతకట్ట తాళునా యని చూడక అలుగు పెంచు గ్రామస్థులు మన జిల్లాలలో నెవ్వరును లేరు.

గాలి యొక్కటియే బలము గాదు

బలము వచ్చునది డీజిలునుండి. గాలి దానిని మండించునది మాత్రమే. ఒక కిలో డీజిలు పూర్తిగా మండుటకు సుమారు పదునాలుగున్నర కిలోల గాలి కావలెను. డీజిలు పెంచక గాలి మాత్రము పెంచిన లాభము స్వల్పము. గాలి చాలక డీజిలు పెంచినచో నల్లపొగయు వేడియు హెచ్చును. నీరు లేని చేనికి యూరియా చల్లినట్లగును. కావుననే పాతరకపు యంత్రపు పంపు గల కార్లలో మేస్త్రీలు వేస్టుగేటు కడ్డీతోపాటు పంపుమీది మరనుగూడ త్రిప్పుచుందురు. కామన్ రైలు పద్ధతిగల కార్లలో ఇంతపని సాగదు. అచ్చట కంప్యూటరు గాలి యొత్తిడిని నిరంతరము కొలుచుచుండును. హద్దు మీరినచో డీజిలు తగ్గించి, ఇంజను దీపము వెలిగించి, బండిని నెమ్మదిగ నడుచునట్లు చేయును.

ఇక వేడిమాట. గాలిని నొక్కిన వేడెక్కును. సైకిలుపంపు కొట్టినవారికి ఇది తెలియును. వాయుమండలపు టొత్తిడిని మేస్త్రీలు సుమారుగా ఒక బార్ అందురు. ఎండకాలమున బయటిగాలి 42 డిగ్రీలున్నదనుకొందము. టర్బో దానిపై 0.7 బార్ ఒత్తిడి యెక్కించినచో గాలి సుమారు 115 డిగ్రీలకు వేడెక్కును. అదే 1.2 బార్ ఎక్కించినచో 155 డిగ్రీలు దాటును. వేడెక్కిన గాలి వ్యాకోచించును గాన, మొత్తము ఒత్తిడి నూటికి 29 పాళ్లు హెచ్చినను ఇంజనులోనికి బోవు గాలి బరువు 17 పాళ్లే హెచ్చును. మిగిలినదంతయు వేడియే. గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు ఈ నష్టమును తగ్గించునుగాని, మన్నుపట్టిన ఇంటర్‌కూలరు ఉన్నను లేనట్లే. పెద్దబరువుతో ఎత్తెక్కునపుడు టర్బోను దాకు పొగ 700 డిగ్రీలు దాటుట గలదు. శుద్ధ అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. పిస్టన్లు చేయబడునది ఆ జాతి లోహముతోనే. వానిని కాపాడుచున్నవి ఆయిలును, నీళ్లును, తయారుచేసినవా రుంచిన హద్దును మాత్రమే.

ఆ హద్దు ఎంత యాలోచించి యుంచబడినదో తెలియుటకు ఒక దృష్టాంతము చాలును. 1976 లో మెర్సిడెస్ వారు మూడు లీటర్ల, ఐదు సిలిండర్ల డీజిలు ఇంజనుకు టర్బో నమర్చి, ఇంటర్‌కూలరుతో 190 అశ్వబలము రాబట్టి, ఇటలీలోని నార్దో పరుగుబాటపై ఎన్నో ప్రపంచ రికార్డులు సాధించిరి. కాని 1978 లో ఆ జాతి ఇంజనునే టర్బోతో 300 ఎస్‌.డి. అను కారులో పెట్టి అమెరికాలో ప్రజల కమ్మినపుడు సుమారు 110 అశ్వబలమునకే పరిమితము చేసిరి. 190 రాబట్టుట ఎఱిగినవారే 110 చాలునని యేల యాగిరి? పరుగుపందెపు ఇంజను కొన్ని దినములు నిలిచిన చాలును. కొనువాని ఇంజను లక్షల మైళ్లు నిలువవలెను. కారు కొత్తదిగా నుండగనే తయారీదారులు విడిచిన బలమును, అది ముసలిదైన పిమ్మట మనము స్పానరుతో రాబట్ట జూచుట వివేకమా?

మా యనుభవము

ఈ మాటలు పరులకు బుద్ధి చెప్పుటకు మాత్రము వ్రాయుటలేదు. మేమును ఈ తప్పు చేసినవారమే.

ఆరేండ్ల క్రిందట మేమొక పాత డీజిలు కారు కొంటిమి. యంత్రపు పంపు గల రకము. రెండేండ్లు బాగుగ నడచెను. పిమ్మట దోర్నాలనుండి శ్రీశైలమునకు బోవు ఘాటులో ఐదుగురము కూర్చుండగా, మూడవ గేరులో నెక్కవలసిన చోట రెండవ గేరుకు దిగవలసి వచ్చెను. మరునాడు తెలిసిన మేస్త్రీ మా వాకిటనే కడ్డీ నట్టును మూడు చుట్లు బిగించి, పంపు మరను కొంచెము త్రిప్పెను. గేజి పెట్టి కొలిచినది లేదు. ఆ సాయంకాలము మా సంతోషమునకు మేరలేదు. కారు ముందుకు దుమికెను. వెనుక నల్లపొగ వచ్చుచుండెను. అది బలమునకు గుర్తని మేస్త్రీ చెప్పగా మేమును నమ్మితిమి.

మూడునెలలు గడచెను. ఎండకాలమున అదే ఘాటులో బండి యెక్కుచుండగా నీళ్లగేజి ముల్లు ఎఱ్ఱగీటును దాటెను. వెంటనే ఆపవలసినది, “ఈ మలుపు దాటిన నీడ యున్నది” అని మేము మఱి రెండు మలుపులు ఎక్కించితిమి. ఇంజనునుండి ఆవిరి లేచెను, తెల్లపొగ క్రమ్మెను, బండి నిలిచిపోయెను. వెనుకసీటులో ముసలితల్లియు, ఇద్దరు పిల్లలును. సెల్‌ఫోనుకు సిగ్నలు లేని అడవి. దారిన బోవు లారీవారు దయదలచి మమ్ము దోర్నాల జేర్చిరి.

ఇంజను విప్పి చూడగా హెడ్డు గ్యాస్కెట్టు కాలిపోయి, హెడ్డు వంగియుండెను. ఒక పిస్టను తల అంచున కరగియుండెను. టర్బో ఇరుసు వదులై యాడుచుండెను. ఆ మరమ్మతుకైన వ్యయము ఒక ఎకరము మిరపకు మే మా యేట బెట్టిన ఎరువుల వ్యయమును మించెను. ఆ సొమ్ము వేఱుగా దాచినది కాదు; సంఘమునకు చెల్లింపవలసిన పంటఋణపు వాయిదాకై యుంచినది. వాయిదా తప్పెను. గడువులోపల చెల్లించువారికి లభించు వడ్డీ రాయితీ ఆ యేడు మాకు లేకపోయెను. సంఘ పుస్తకములో మా పేరెదుట బాకీ గుర్తు పడెను. దానిని చూచిననాటి సిగ్గు నేటికిని మఱవలేదు.

అన్నిటికంటె మమ్ము బాధించినది మఱియొకటి గలదు. ఇంటర్‌కూలరునుండి ఇంజనుకు బోవు లావు రబ్బరుగొట్టమునకు క్లిప్పు క్రింద, కంటికి కనబడని చోట, బొటనవ్రేలంత చీలిక యుండెను. తొలుత లాగుడు తగ్గుటకు కారణ మదియే. టర్బో నెట్టిన గాలిలో కొంత ఆ చీలికగుండ బయటికి పోవుచుండెను. మేము దానిని మాన్పక టర్బోను మఱింత త్రిప్పించితిమి; చాలని గాలిలో హెచ్చు డీజిలు పోయించితిమి; వేడిని మేమే పుట్టించితిమి. చేనికి నీరు చాలకున్నచో పైపు పగిలినదేమో చూడక పెద్దమోటారు కొను రైతును మేము నవ్వియుందుము. మేము చేసినది అదియే. ఆ గొట్టము వెల కొన్ని వందల రూపాయలు.

టర్బోను ముట్టుటకు ముందు చూడవలసినవి

మా కష్టమునుండి నేర్చినదానిని వరుసగా వ్రాయుచున్నాము. తక్కువ వ్యయపు పని మొదట, హెచ్చు వ్యయపు పని చివర.

మొదటిది, గాలిఫిల్టరు. కంకరరోడ్డుమీదను, నూర్పిడి కళ్లముల ప్రక్కను దిరుగు బండికి పుస్తకములో చెప్పిన గడువుకంటె ముందే దీనిని మార్చవలెను.

రెండవది, డీజిలు ఫిల్టరు. అందు చేరిన నీటిని వదలవలెను. డబ్బాలలో నిలువచేసిన డీజిలు పోయువారు దీనిని మఱింత తఱచుగ చూడవలెను.

మూడవది, టర్బోనుండి ఇంజనుదాక నున్న గొట్టములన్నియు. క్లిప్పులు విప్పి గొట్టమును వంచి లోపలివైపు చూడవలెను. ఆయిలు నాని మెత్తబడిన గొట్టము, బయట బాగుగ నున్నను, ఒత్తిడికి నోరు తెఱచును. అతుకులవద్ద మసియాయిలు చిమ్మియున్న అచ్చట గాలి పోవుచున్నదని గ్రహింపవలెను. మేస్త్రీవద్ద హద్దు కట్టిన కంప్రెసరు గాలిని, ఇంజను ఆపియుంచి, తక్కువ యొత్తిడితో గొట్టములలోనికి వదలి, సబ్బునీళ్లు పూసిన చీలిక బుడగలతో తెలిసిపోవును.

నాల్గవది, వేస్టుగేటు. దాని సన్నగొట్టము ఊడలేదు గదా, తలుపు మసిపట్టి తెఱచినది తెఱచినట్లే యుండిపోలేదు గదా యని చూడవలెను.

ఐదవది, టర్బో ఇరుసు. ఇంజను చల్లారిన పిమ్మట గాలివైపు గొట్టము తీసి, చక్రమును వ్రేలితో కదపిచూడవలెను. చక్రపు రెక్కలు గోడకు తగులుచున్నచో దానికి కావలసినది మరమ్మతే గాని బిగింపు కాదు.

ఆఱవది, బండి వేఱుచోట పట్టుచున్నదేమో. వదలని బ్రేకు, జారు క్లచ్చి, గాలి తగ్గిన టైర్లు, మసితో పూడిన పొగగొట్టము, ఇవన్నియు టర్బోపై నేరము మోపును.

ఏడవది, ఇంజెక్టర్లును సిలిండరు కంప్రెషనును. ఇవి తగ్గిన ఇంజనుకు టర్బో పెంచుట, ముసలియెద్దును ముల్లుగఱ్ఱతో పొడుచుట.

ఇవి యన్నియు చూచిన పిమ్మట గేజి పెట్టి కొలువవలెను. ఇంజనులోనికి గాలి పోవు మానిఫోల్డునుండి సన్నని గొట్టము లాగి గేజికి తగిలించి, ఇంజను వేడెక్కిన పిదప, రద్దీలేని ఎత్తుబాటపై మూడవ గేరులో నడుపవలెను. నడుపువాడు బాటనే చూడవలెను. గేజిని వేఱొకరు చూడవలెను. వచ్చిన అంకెను ఆ కారు సర్వీసు పుస్తకపు టంకెతో పోల్చవలెను. తక్కువ వచ్చిన గాలి యెచ్చటనో పోవుచున్నది, వెదకవలెను. సరిగా వచ్చియు లాగుడు లేకున్న దోషము టర్బోది కాదు. మేము చూచినంతవరకు పాతకార్ల కావలసినది హెచ్చు ఒత్తిడి కాదు, పోగొట్టుకొన్న ఒత్తిడి.

అప్పటికిని హెచ్చింపదలచినవారికి

చట్టముమాట మొదట తెలిసికొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52 వ సెక్షను, తయారీదారులు నిర్ణయించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 లో చేసిన సవరణవలన, అనుమతింపబడని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాగాని, ఆఱు నెలలవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును. నల్లపొగ గ్రక్కు బండి పొగపరీక్షలోను తప్పును. భీమాకంపెనీకి తెలుపక మార్పు చేసినచో, ప్రమాదమునాడు తగవు వచ్చును. కావున రవాణాశాఖ కార్యాలయమున వ్రాతపూర్వకముగ నడిగి తెలిసికొనక కడ్డీని ముట్టరాదు. ట్రాక్టరు గలవారును ఈ మాటను చెవిని బెట్టవలెను. నేటి ట్రాక్టర్లలో పెక్కింటికి టర్బో యున్నది, దానిని మార్చిన గ్యారంటీ పోవు నవకాశము గలదు.

అనుమతి గలిగినను, గేజి లేక ఒక్క చుట్టైనను బిగింపరాదు. ఒక పర్యాయమునకు 0.1 బార్ మించి పెంచరాదు. నల్లపొగ కనబడినచోట ఆగి వెనుకకు రావలెను. రేడియేటరు, ఇంటర్‌కూలరు కడిగించి, సరియైన యాయిలు గడువులోపల మార్పింపవలెను. నీళ్లగేజి ముల్లు పైకి జరుగుట చూచిన తత్‌క్షణమే నీడకై వెదకక బండి నాపవలెను. ఎత్తెక్కి వచ్చిన బండిని వెంటనే ఆర్పక, ఒకటి రెండు నిముషములు నెమ్మదిగ తిరుగనిచ్చి పిమ్మట ఆర్పవలెను; అప్పుడు టర్బో ఇరుసుమీది ఆయిలు మాడదు. ఈ చివరిమాట టర్బో పెంచనివారికిని వర్తించును.

సంఘమునకు మా సూచన

గాలియొత్తిడి గేజి ఒక్కొక్కరు కొని మూలబెట్టుట వ్యర్థము. కంప్రెషను గేజియు అట్టిదే. సంఘము ఈ రెండింటిని గొని, స్ప్రేయర్లవలె గోదాములో నుంచి, సభ్యులకు వంతులవారీగ నిచ్చినచో, మన గ్రామములలోని కార్లును ట్రాక్టర్లును సేద్యపుపనులు లేని నెలలలో పరీక్షింపబడును. ఈ విషయమును రాబోవు మహాజనసభలో ప్రతిపాదింప దలచియున్నాము. సభ్యులు ఆలోచించి తమ యభిప్రాయము తెలుపుదురుగాక.

ఆ కారు నేటికిని మా వాకిటనే యున్నది. మరమ్మతునాడు గొట్టము మార్పించి, కడ్డీని, పంపు మరను తయారీదారుల గుర్తునకు మరల తెచ్చించితిమి. పోయిన కార్తీకమాసమున అదే ఘాటును, అదే ఐదుగురితో, మూడవ గేరులోనే ఎక్కినది.